నాలుగో ఆట, పాత పద్దు

ఏ కథకైనా రెండో భాగం రాయడమంత సాహసం ఇంకొకటి లేదు. మొదటి భాగం రాసేవాడికి పోటీ ఎవరూ వుండరు. రెండో భాగం రాసేవాడికి ఆ మొదటి భాగమే పోటీ. పైగా పాఠకుడి జ్ఞాపకమనేది ఒకటుంది చూశారూ, అది మహా పక్షపాతం గల జడ్జీ. పాతదానిలో తప్పులన్నీ మాఫీ చేసేసి, మంచిని మాత్రం చక్రవడ్డీ కట్టి దాచిపెడుతుంది. కొత్త భాగం బోనెక్కేసరికే సగం కేసు ఓడిపోయి వుంటుంది.

అంచేత ఇలాంటివాటిని తూచేటప్పుడు ముందు మన తక్కెడ సరిగ్గా వుందో లేదో చూసుకోవాలి. "పాతది బంగారం, కొత్తది ఇత్తడి" అనడాన్ని విమర్శ అనరు, వయసు అంటారు.

నేనివాళ తూచబోయేది నవలా కాదు, సినిమా కాదు. కంప్యూటరు మీద ఆడే ఒక ఆట. పదిహేనేళ్ళలో నాలుగు భాగాలుగా వచ్చిన ఆట. "ఆటకి కూడా విమర్శేమిటండీ, గెలిచామా ఓడామా చూసుకోవాలి గాని" అంటారేమో. ఓ పది నిమిషాలు ఓపిక పట్టండి. ఈ ఆటలో గెలుపూ ఓటమీ అంత పెద్ద సంగతులు కావు.

ఈ జాతి ఆటల్ని ఇంగ్లీషులో రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటారు. మన భాషలో చెప్పాలంటే వేషం కట్టే ఆటలు. వేషం గురించి మా నాచారం వాళ్ళకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఎన్.టి. రామారావుగారి రామకృష్ణ స్టూడియో వెలిసిన పేట మాది. ఆయన 1977లో 'దాన వీర శూర కర్ణ' తీసి, దర్శకత్వమూ తానే వహించి, కర్ణుడూ దుర్యోధనుడూ కృష్ణుడూ మూడు వేషాలూ తానే కట్టారు. మరి చూసినవాళ్ళు ఏం చేశారు? కొత్త కృష్ణుణ్ణి 1957 నాటి 'మాయాబజార్' కృష్ణుడి పక్కనా, కొత్త దుర్యోధనుణ్ణి 1966 నాటి 'శ్రీకృష్ణ పాండవీయం' దుర్యోధనుడి పక్కనా నిలబెట్టి చూసుకున్నారు. ఆయనకి ఆయనే పోటీ. కాబట్టి వేషాన్ని పాత వేషంతో తూచడం మనకి కొత్త విద్యేమీ కాదు.

అయితే రంగస్థలం మీద వేషానికీ, ఈ ఆటలో వేషానికీ ఒక్కటే తేడా. దుర్యోధనుడి వేషం ఎంత గొప్పగా కట్టినా, కృష్ణుడు రాయబారానికొచ్చినప్పుడు "సరే బావా, అయిదూళ్ళు ఇచ్చేస్తాను" అనడానికి వీల్లేదు. అంటే నాటకం కంపెనీవాడు వూరుకోడు. ఈ ఆటలో మాత్రం అనొచ్చు. అంటే ఏం జరుగుతుందో చూపించే పూచీ ఆట తయారుచేసినవాడిది. అదీ కిటుకు. కత్తులూ మంత్రాలూ డ్రాగన్లూ అన్నీ పై అలంకారం. అసలు సరుకు నిర్ణయం.

నేను చెప్పే ఆట పేరు 'డ్రాగన్ ఏజ్'. కెనడాలో ఎడ్మంటన్ అనే వూళ్ళో బయోవేర్ అనే సంస్థ తయారుచేసింది. మొదటి భాగం 'ఆరిజిన్స్' 2009లోనూ, రెండోది 2011లోనూ, మూడోది 'ఇంక్విజిషన్' 2014లోనూ వచ్చాయి. ఆ తరవాత పదేళ్ళు నిద్రపోయి, నాలుగోది 'ద వెయిల్‌గార్డ్' 2024 అక్టోబరు 31న వచ్చింది. నా ఫిర్యాదు ఆ నాలుగోదాని మీద. ఫిర్యాదు అర్థం కావాలంటే ముందు మూడింటి సంగతీ కొంచెం చెప్పుకోవాలి.

నాకు ఈ ఆట పరిచయమైంది ఉప్పల్లో, మా అక్కగారింట్లో. 2010లో ఆదివారం ఆదివారం అదే నా తీర్థయాత్ర. అప్పటికి మెట్రో రైలు లేదు. అది 2017 నవంబరులో గాని రాలేదు. నాచారం నుంచి హబ్సిగూడ దాకా ఒక షేరింగు ఆటో, అక్కణ్ణించి ఉప్పల్ రింగు రోడ్డుకి ఇంకో షేరింగు ఆటో. మేనల్లుడు అప్పుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. కీబోర్డు వాడిది, నోరు నాది. కత్తి ఎలా తిప్పాలో వాడికి తెలుసు. ఎవరి మీద తిప్పాలో నేను చెప్పేవాణ్ణి. అక్కకి ఇంగ్లీషు రాదు. ఆటలో మనుషులు మాట్లాడేదంతా నేను తెలుగులో చెబుతుంటే, ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వినేది. పురాణ కాలక్షేపం అన్నమాట.

మొదటి భాగంలో కథ ఇదీ. ఫెరెల్డెన్ అనే రాజ్యం మీద భూమి అడుగునుంచి ఒక తెగులు పైకొస్తుంది. దాని వెంట రాక్షసమూక. దాన్ని ఆపగలిగినవాళ్ళు గ్రే వార్డెన్లనే చిన్న దండు. అందులో మనమొకళ్ళం. కథ మొదలెట్టడానికే ఆరు రకాల పుట్టుకలు పెట్టారు. రాజబంధువుగా మొదలెట్టొచ్చు, మంత్రగాడిగా మొదలెట్టొచ్చు, నగరంలో వాడకట్టు అవతల బతికే జాతివాడిగానూ మొదలెట్టొచ్చు. పుట్టుక మారితే ఎదుటివాళ్ళు పిలిచే పిలుపు మారుతుంది. అది మనకి కొత్తగా చెప్పాలా!

ఓర్జమార్ అని భూగర్భంలో ఒక నగరం వుంది. అక్కడ కులాల కట్టుబాటు కఠినం. ఏ కులానికీ చెందనివాళ్ళ మొహం మీద పుట్టగానే ముద్ర వేస్తారు. గద్దె కోసం ఇద్దరు పోటీ పడుతుంటారు. హారోమాంట్ పెద్దమనిషి, మాట మీద నిలబడేవాడు. భేలెన్ కుట్రలు పన్ని అన్నదమ్ముల్నే అడ్డు తొలగించుకున్నవాడు. ఎవర్ని గద్దె ఎక్కించాలో మనమే చెప్పాలి. మేం రెండు విధాలా ఆడి చూశాం. పెద్దమనిషిని ఎక్కిస్తే ఆయన పాత ఆచారం తప్పకుండా తలుపులు మూసుకుని కూర్చుంటాడు, కులం లేనివాళ్ళ గతి ఇంకా హీనమవుతుంది. దుర్మార్గుణ్ణి ఎక్కిస్తే వాడు పెత్తందార్ల నోరు మూయించి, ఆ ముద్రలవాళ్ళకి కొంత దారి చూపిస్తాడు. ఈ ఫలితం చివర్న నాలుగు వాక్యాల్లో చెబుతారు. ఆ నాలుగు వాక్యాలు విని మా అక్క, "మంచివాడు వేరు, మంచి రాజు వేరు" అంది. ఇంతకంటే మంచి విమర్శ నేనెక్కడా చదవలేదు.

రెడ్‌క్లిఫ్ ఘట్టం ఇంకా కష్టమైనది. ఆ కోట దొరగారి కొడుకు కానర్, పదేళ్ళ పసివాడు. విషప్రయోగంతో పడివున్న తండ్రిని బతికించుకోవడానికి ఒక దయ్యంతో ఒప్పందం చేసుకుంటాడు. దయ్యం వాణ్ణే పట్టుకుంటుంది. రాత్రయితే శవాలు లేచి వూరిమీద పడుతుంటాయి. ఇప్పుడు మీరేం చేస్తారు? పిల్లాణ్ణి చంపేస్తే ఒక్క దెబ్బతో పీడ వదులుతుంది. తల్లి తన ప్రాణం ఇస్తానంటోంది, ఆ రక్తంతో మంత్రం వేస్తే పిల్లాడు బతుకుతాడు. మూడో దారి, దూరాన వున్న మంత్రగాళ్ళ దగ్గరికి వెళ్ళి సాయం అడగడం. మేం వెళ్ళి వచ్చేసరికి కోటలో ఎవరు మిగులుతారో తెలీదు.

మేనల్లుడు ఇంజనీరు గదా, లెక్క వేశాడు. "ఒక్కడు పోతే వూరంతా బతుకుతుంది మామయ్యా" అన్నాడు. నేను తల్లి ప్రాణం వైపు మొగ్గాను. అక్క చిక్కుడుకాయల పళ్ళెం కింద పెట్టేసింది. "ఇద్దరూ ఇద్దరే. దూరమైతే నడవండి. నడవడానికి బద్ధకించి పసివాణ్ణి చంపుతార్రా?" అంది. నడిచాం. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు. ఆ నిర్ణయం ఆటలో అక్క పేర జమ అయింది. అప్పటినుంచి మా ఇంట్లో దానికి 'అక్క తీర్పు' అని పేరు.

ఇక రెండో భాగం. దీన్ని తిట్టనివాడు పాపాత్ముడు. చాలా తొందరగా వండి వార్చారు. అదే గుహ ఇరవైసార్లు వస్తుంది. ఒకసారి తూర్పు తలుపు మూస్తారు, ఒకసారి పడమటి తలుపు మూస్తారు, గుహ మాత్రం అదే. మన స్టూడియోల్లో తెరలు మార్చి హస్తినాపురాన్నే ద్వారక చేసినట్టు. పటాలు గీయడం నేర్పే సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ వున్న వూరు ఉప్పల్. అక్కడ కూర్చుని ఇలాంటి పటం చూడాల్సి రావడం మరీ చోద్యం.

అయినా ఆ భాగాన్ని నేను తీసెయ్యను. అందులో రాజ్యాలు కూల్చే పని లేదు. తెగులుకి ఇల్లు పోగొట్టుకుని కర్క్‌వాల్ అనే రేవుపట్నానికి శరణార్థులుగా వచ్చిన ఒక కుటుంబం కథ అది. హాక్ అనే మనిషి, తల్లి, తోబుట్టువులు. నడమంత్రపు సిరి వస్తుంది, మేడ వస్తుంది. తల్లి మాత్రం ఒక హంతకుడి చేతిలో పోతుంది. మనం ఏం చేసినా ఆగదు. అక్క అడిగింది, "ఆవిణ్ణి బతికించే దారే లేదట్రా?" మేనల్లుడు తల అడ్డంగా వూపాడు. "లేదమ్మా, మూడుసార్లు వెనక్కి వెళ్ళి చూశాను." నిర్ణయాల ఆటలో నిర్ణయానికి లొంగని చావు ఒకటి పెట్టడానికి గుండె కావాలి. గుహలు కరువైన ఆటలో ఆ గుండె వుంది.

మూడో భాగం 'ఇంక్విజిషన్' పెళ్ళివారి విస్తరి. కొండలూ ఎడారులూ అడవులూ. తిరిగేందుకు రెండు కాళ్ళూ చాలవు. ఎక్కడ చూసినా "ఈ ఆకు తెండి, ఆ రాయి తెండి" అని పనులు పురమాయించేవాళ్ళే. మొదటి మైదానం దాటడానికే మాకు నెల పట్టింది. కొనసాగింపు చేసేవాళ్ళందరూ పడే గోతిలో వీళ్ళూ పడ్డారు. పెద్దది చేస్తే గొప్పది అవుతుందనుకున్నారు. అయితే ఆ ఏడాది పెద్ద బహుమతి దానికే వచ్చింది. రావడం న్యాయమే అంటాను. కారణం ఆ కొండలు కావు, పద్దు.

ఆట మొదలెట్టే ముందు, మొదటి రెండు భాగాల్లో మనం ఏమేం చేశామో నింపుకోవడానికి 'డ్రాగన్ ఏజ్ కీప్' అని ఒక చిట్టా పెట్టారు. గద్దె మీద ఎవరు, చచ్చినవాళ్ళెవరు, బతికినవాళ్ళెవరు, అన్నీ అడుగుతుంది. మాకు ఒక ఆదివారం పూర్తిగా దానికే సరిపోయింది. పాత ఖాతా పుస్తకం ముందేసుకున్న కిరాణా కొట్టువాళ్ళలా కూర్చున్నాం. తరవాత కథలో ఆ పద్దు వరసగా పలికింది. ఒకచోట ఇద్దరిలో ఒకర్ని చావుకి వదిలేసి మిగతావాళ్ళు బయటపడాలి. ఆ ఇద్దరిలో ఒకరు రెండో భాగం నాయకుడు హాక్. రెండోవాడు ఒక గ్రే వార్డెన్. ఆ వార్డెన్ ఎవరన్నది మొదటి భాగంలో మనం చేసిన నిర్ణయాన్ని బట్టి మారుతుంది. మా ఆటలో అతను అలిస్టేర్, అయిదేళ్ళ కిందట మాతో కలిసి నడిచిన నేస్తం. మేనల్లుడు మౌస్ వదిలేసి డాబా మీదకి వెళ్ళిపోయాడు.

అంతకంటే చిన్నది ఇంకొకటి జరిగింది. రెడ్‌క్లిఫ్ వూళ్ళో ఒక యువకుడు కనిపించాడు. పలకరిస్తే పేరు కానర్ అన్నాడు. చిన్నప్పుడు తన మూలాన వూరికి జరిగింది తలుచుకుని కుమిలిపోతున్నాడు. నాలుగు మాటలు, అంతే. అక్కకి చెప్పాను. వంటింట్లోంచి తడి చేతులతోనే వచ్చి తెర ముందు నిలబడి చూసింది. "ఎంతవాడయ్యాడు!" అంది.

కొనసాగింపు అంటే అదీ. బయోవేర్ వారు ఆ నాలుగు మాటలు రాయడానికి ఎంత కష్టపడ్డారో గాని, ఒక ఇల్లాలు అయిదేళ్ళ కిందట ఇచ్చిన తీర్పుకి రసీదు ఇచ్చినట్టయింది.

ఇక నాలుగోదాని సంగతి. ముందు మంచి చెబుతాను. బొమ్మలు కళ్ళకి విందు. పోట్లాట చురుగ్గా వుంది. మొదటి భాగంలో ఆటని మధ్యలో ఆపి చదరంగంలా నలుగురికీ ఎత్తులు చెప్పేవాళ్ళం. ఇందులో మన వెంట వుండేది ఇద్దరే, మన కత్తి మనం తిప్పుకోవాలి. అది రుచుల తేడా, తప్పు పట్టను. మొదట్లోనే రెండు నగరాల మీద ఒకేసారి డ్రాగన్లు పడతాయి. ఏదో ఒకదాన్నే కాపాడగలం. రెండోది తెగులు పట్టి చివరిదాకా మన కళ్ళెదుట అలాగే వుంటుంది. ముగింపులో మన వెంట వచ్చినవాళ్ళు బతకడం చావడం మనం వాళ్ళకి అప్పజెప్పిన పనుల్ని బట్టి వుంటుంది. ఆ చివరి మూడు గంటలు నిజంగా గొప్పవి.

కాని ఆట మొదట్లో పాత సంగతులు అడిగే చోట మూడే మూడు ప్రశ్నలు. మూడో భాగంలో మీ నాయకుడు ఎవర్ని ప్రేమించాడు? ఆ దండుని వుంచాడా, రద్దు చేశాడా? సొలాస్ అనే పాత మిత్రుణ్ణి మార్చుకుంటానన్నాడా, ఆపుతానన్నాడా? అయిపోయింది. మొదటి భాగం గురించి ఒక్క ప్రశ్న లేదు. రెండోదాని గురించీ లేదు. గద్దె మీద ఎవరున్నారో అక్కర్లేదు. ముద్రలవాళ్ళు ఏమయ్యారో అక్కర్లేదు. మొదటి భాగంనుంచీ వున్న మారిగన్ అనే మంత్రగత్తె మళ్ళీ వస్తుంది. మూడో భాగంలో కొంతమంది ఆటల్లో ఆవిడకి కొడుకున్నాడు. ఇప్పుడావిడ కొడుకు మాటే ఎత్తదు. ఏ తల్లయినా అలా వుంటుందా?

కథ ఉత్తరాది దేశాల్లో నడుస్తుంది. మనం పాత మూడు భాగాల్లో తిరిగిన దక్షిణం సంగతి వుత్తరాల్లో తెలుస్తుంది. తెగులు వచ్చింది, వూళ్ళు పడిపోయాయి, కోటలు పడిపోయాయి అని. మనం రాజుని నిలబెట్టిన దేశం పోస్టులో పోయిందన్నమాట. కార్డు ముక్క మీద చావు కబురు వచ్చినా, పోయినవాళ్ళ పేరు రాస్తారు. ఇందులో అదీ లేదు. ఏ పేరు రాసినా ఎవరి ఆటకో తప్పవుతుందని భయం కాబోలు.

మా అక్క 2019లో పోయింది. నాలుగో ఆట వచ్చేసరికి మేనల్లుడికి ముప్పై మూడేళ్ళు, రాత్రి పదింటికి గాని ఆఫీసునుంచి తెమలడు. అయినా ఆట దింపుకుని నన్ను పిలిచాడు. ఆ మూడు ప్రశ్నలూ అయిపోయాక ఇంకేమన్నా అడుగుతుందేమోనని కాసేపు చూశాడు. "అమ్మది అడగలేదు మామయ్యా" అన్నాడు. నేను చెప్పదలుచుకున్న విమర్శంతా ఆ మూడు మాటల్లో వుంది. మిగతాది దానికి వ్యాఖ్యానం.

తయారుచేసినవాళ్ళ పక్షాన కూడా మాట్లాడదాం, ధర్మం గదా. పద్దు మొయ్యడం తేలికేం కాదు. ఒక్కో నిర్ణయానికి రెండు దారులనుకోండి. మూడు నిర్ణయాలకి ఎనిమిది లోకాలు. పది నిర్ణయాలకి 1024 లోకాలు. ఇరవైకి పది లక్షలు దాటతాయి. ప్రతి లోకానికీ విడివిడిగా మాటలు రాయించి, నటులచేత చెప్పించి, బొమ్మలు గీయించాలంటే కుబేరుడు కూడా దివాలా తీస్తాడు. పైగా పదేళ్ళ తరవాత వచ్చే ఆటని కొత్తవాళ్ళూ కొనాలి. వాళ్ళకి ఈ పాత పేర్లన్నీ చెబితే జడుసుకుంటారు. ఈ వాదం నిజమే.

నిజమే గాని, చాలదు. 1024 లోకాలు ఎవరడిగారు? మూడో భాగంలో కానర్ కోసం లోకాన్ని మార్చలేదు. నాలుగు మాటలు మాట్లాడించారు. వుత్తరాల్లో ఒక్క పేరు మార్చి రాస్తే చాలు. రాయించుకోవడానికి నటుడు కూడా అక్కర్లేదు. వూరు విడిచి వెళ్ళినవాడు పదేళ్ళకి వచ్చి "మీ అబ్బాయి బాగున్నాడా?" అని అడిగితే మన మనసు నిండుతుంది. మన ఇంటి చరిత్రంతా వాడు అప్పజెప్పక్కర్లేదు.

ఇక్కడ మన సాహిత్యంలోంచి ఒక తక్కెడ తెచ్చుకుంటే సంగతి తేలుతుంది. పదకొండో శతాబ్దిలో నన్నయ భారతం ఎత్తుకుని అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. పదమూడో శతాబ్దిలో తిక్కన వచ్చి, ఆ ఖాళీ జోలికి పోకుండా విరాటపర్వంతో తన దారిన తాను మొదలెట్టాడు. నన్నయలా రాయలేదు. తన భారతాన్ని రాజుకి గాక హరిహరనాథుడికిచ్చాడు. పధ్నాలుగో శతాబ్దిలో ఎర్రన ఆ మిగిలిన అరణ్యపర్వం పూరించాడు. ఆయన దాన్ని తన కాలపు రాజుకి ఇవ్వలేదు. మూడువందల ఏళ్ళ కిందటి రాజరాజనరేంద్రుడి పేరనే, నన్నయగారి పద్దులోనే జమ కట్టాడు.

కొనసాగింపుకి మంచి దారులు ఈ రెండే. తిక్కన దారి: "నేను వేరు, నా కాలం వేరు" అని మొదటే తేల్చి చెప్పి, తన బలంతో నిలబడడం. 2023లో బెల్జియం వాళ్ళు లేరియన్ సంస్థ తరఫున చేసిన 'బాల్డర్స్ గేట్ 3' అలాంటిది. మొదటి రెండు భాగాలు 1998లోనూ 2000లోనూ ఇదే బయోవేర్ చేసినవి. ఇరవై మూడేళ్ళ తరవాత వచ్చినవాళ్ళు కథని నూరేళ్ళు ముందుకి జరిపి, పాత పద్దు కట్టేసి, కొత్త పద్దు తెరిచారు. ఆ కొత్త పద్దులో ప్రతి గీతకీ జవాబు చెప్పారు. ఎవరూ నొచ్చుకోలేదు. ఎర్రన దారి: ముందువాడి దారం కొస వెతికి పట్టుకుని, ముడి కనబడకుండా కలపడం. 'ఇంక్విజిషన్'కి గుహలూ ఆకులూ ఎన్ని లోపాలున్నా ఆ పని చేసింది.

'వెయిల్‌గార్డ్' ఈ రెండు దారుల మధ్య నిలబడిపోయింది. పాత దేశం కావాలి, పాత పేర్లు కావాలి, మారిగన్ కావాలి, రెండో భాగంనుంచి వచ్చిన వారిక్ కావాలి, వాళ్ళని ప్రేమించినవాళ్ళ జేబులోని డబ్బు కావాలి. వాళ్ళ జ్ఞాపకం మాత్రం అక్కర్లేదు. బంధువుల్నందర్నీ పెళ్ళికి పిలిచి, గుమ్మంలో "మీరెవరండీ?" అనడం లాంటిది ఇది.

దీనికి రుజువు ఆటలోనే వుంది. నాలుగో భాగంలో అందరికంటే సజీవంగా వున్న మనిషి సొలాస్. తను చేసిన తప్పు దిద్దబోయి లోకాన్నే కూల్చడానికి సిద్ధపడ్డ పాత దేవుడు. అతను నోరు విప్పితే చాలు, ఆటకి ప్రాణం లేస్తుంది. ఎందుకంటారు? మూడో భాగంలో సొలాస్ మాటలు రాసిన ట్రిక్ వీక్స్ గారే ఈ భాగానికి ప్రధాన రచయిత. మొదటి మూడింటికీ ప్రధాన రచయిత అయిన డేవిడ్ గైడర్ 2016లోనే సంస్థ విడిచి వెళ్ళారు. ఎవరి పాత్రని పెంచిన చెయ్యి అక్కడే వుందో ఆ పాత్ర ఒక్కటే గతాన్ని మోస్తోంది. మిగతా సహచరులు మంచివాళ్ళే గాని, మరీ మంచివాళ్ళు. మొదటి భాగంలో మనం చేసిన పని నచ్చకపోతే మొహం మీదే తిట్టేవాళ్ళు, దండు వదిలి వెళ్ళిపోయేవాళ్ళు. ఇందులో కాఫీ తాగి సర్దుకుంటారు. మన నాయకుడు పుల్లవిరుపుగా ఒక మాట అందామన్నా నోట్లోంచి తేనే వస్తుంది. కోపానికి చోటు లేని చోట నిర్ణయానికి బరువెక్కడిది?

2025 జనవరిలో ఈ ఆట ప్రచురణకర్తలు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వారు లెక్క చెప్పారు. పదిహేను లక్షలమంది దాకా ఆడారనీ, తాము అనుకున్నదాంట్లో అది దాదాపు సగమేననీ. ఆ లెక్కని నేను వాదానికి వాడుకోను. చప్పట్లు తక్కువైనంత మాత్రాన వేషం చెడ్డదనలేం, ఎక్కువైనంత మాత్రాన మంచిదనీ అనలేం.

నా తీర్పు ఇది. 'వెయిల్‌గార్డ్' ఒంటరిగా నిలబెడితే పాసుమార్కులు దాటి సెకండు క్లాసులో నిలుస్తుంది. రెండో భాగం కంటే తీరుగా వుంది, మూడోదానికంటే చురుగ్గా వుంది. వరసలో నాలుగోదిగా నిలబెడితే మాత్రం అన్నిటికంటే వెనక. గుహలు కరువైన రెండో భాగం కూడా దానికంటే ముందే. ఎందుకంటే ఈ నాలుగాటల్లో మొదటిది మనకి ఒక మాటిచ్చింది: "నువ్వు చేసినది నేను రాసుకుంటున్నాను" అని. ఆ మాట నమ్మే కదా మనం ఒక ఆటలో బొమ్మపిల్లాడి కోసం గంటలు గంటలు వాదించుకున్నాం! రాసుకోనని ముందే చెబితే ఎవరికి నచ్చిన తలుపు వాళ్ళు తీసుకుని పోయేవాళ్ళం. పద్దు పెట్టకపోవడం తప్పు కాదు. పద్దు పెట్టి, పదిహేనేళ్ళు జమ కట్టించుకుని, తీరా అడిగితే పుస్తకం కనబడలేదనడం తప్పు.

అయిదో భాగం వస్తుందో రాదో నాకు తెలీదు. వస్తే మాత్రం మళ్ళీ మేనల్లుడూ నేనూ కూర్చుంటాం. డ్రాగన్లు చిన్నవైనా పరవాలేదు, కొండలు తక్కువైనా పరవాలేదు, గుహ ఒక్కటే అయినా సర్దుకుంటాం. గద్దె మీద ఎవరున్నారో కూడా తీరిగ్గా చెప్పుకోవచ్చు. ముందు ఆ రెడ్‌క్లిఫ్ పిల్లాడు ఎలా వున్నాడో ఒక్క మాట చెప్పమనండి.